కరెంటు కాపలా హిల్లా

"ఏడు!" అంటూ హిల్లా బాత్రూం లైటు టప్పున ఆర్పేసింది.

"ఒసేయ్! నేనింకా లోపలే ఉన్నానే!" లోపలి నుంచి సైమా కేక.

ఈ వారం బడిలో కరెంటు కాపలా హిల్లాది. పదేళ్ల పిల్లకు పసుపుపచ్చ కోటు తొడిగారు, ఇక పట్టపగ్గాలుంటాయా! శుక్రవారానికల్లా ఇరవై చోట్ల కరెంటు ఆపాలని పంతం పట్టింది.

పదింటికి ఆటల బెల్లు కొట్టారు. వంటింటి వెనక, బడిలో వంట చేసే హెల్వీ అత్త వ్యాను ఉంది. దాని ముక్కు నుంచి గోడ ప్లగ్గు దాకా ఒక తీగ. ఉత్తర ఫిన్లాండ్ చలి అంటే మాటలా? ఇంజను వెచ్చబెట్టకపోతే బండి కదలదు.

"రెండు గంటలు పెడితే చాలని నాన్న రోజూ చెప్తాడు. ఇది తెల్లారినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. ఎంత దండగ!" అనుకుని హిల్లా తీగ పీకేసింది. "ఎనిమిది!"

పదకొండున్నరకి వ్యాను గుర్రుమని మూలిగి ఊరుకుంది. కాసేపటికి హెల్వీ అత్త తీగ పట్టుకుని క్లాసు గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరి నిర్వాకమర్రా ఇది? తొమ్మిదిన్నరకే కదా తగిలించాను! ఏటి ఒడ్డు ఇళ్లలో తొమ్మిది మంది ముసలివాళ్లు నేను తెచ్చే సూపు కోసం కూర్చున్నారు."

మాస్టారి కారు అడుగుదామా అంటే, యార్కో మాస్టారు బడికి వచ్చేదే మంచు మీద జారే స్కీ పలకల మీద.

హిల్లా పీకడం ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది. కానీ ఆ ముసలివాళ్ల మాటేమిటి?

"నేనే పీకానత్తా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్నొక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? సరేలే, నువ్వు ఏడిస్తే సూపు నడిచి వెళ్తుందా?"

హిల్లా కిటికీలోంచి చూసింది. బయట పిల్లలు మంచు మీద తోసుకొచ్చే స్లెడ్జి బండ్లు వరసగా ఉన్నాయి.

"మాస్టారూ, వాటి మీద తోసుకెళ్దామా?"

"లెక్కలు రేపు చేద్దాం. పదండి!" అన్నారు మాస్టారు. క్లాసంతా ఈలలు.

సూపు గిన్నెలకు దుప్పట్లు చుట్టారు. మంచు మీద కిలోమీటరు తోసేసరికి హిల్లా ముక్కు ఎర్రబడింది. ఏటి ఒడ్డున మొదటి ఇంట్లో ఐమో తాత గిన్నె మూత తీశాడు. గుప్పున ఆవిరి వచ్చింది.

"వ్యాను రాకపోతే ఇవాళ పస్తే అనుకున్నానమ్మా."

"నా వల్లే రాలేదు తాతా," అని హిల్లా జరిగిందంతా చెప్పింది.

తాత పకపకా నవ్వాడు. "ఇంతమంది పిల్లలు నా గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో! రా, కూర్చో, నువ్వూ తిను."

మర్నాడు తొమ్మిదిన్నర. వ్యాను తీగ నేల మీద పడి ఉంది. హిల్లా వెళ్లి వంటింటి తలుపు కొట్టింది.

"అత్తా, పదకొండున్నరకి బయల్దేరాలి కదా? తీగ తగిలించనా?"

"అయ్యో, మర్చేపోయాను! చేతులన్నీ పిండి. నువ్వే పెట్టు తల్లీ."

ప్లగ్గు పెట్టగానే చిన్న ఎర్ర లైటు వెలిగింది. హిల్లా తన పుస్తకంలో నిన్న గీసుకున్న ఎనిమిదో గీత కొట్టేసి లోపలికి వచ్చింది.

బాత్రూంలో లైటు వెలుగుతోంది. స్విచ్చు మీదికి వెళ్లిన చెయ్యి ఆగింది. తలుపు మీద మెల్లిగా తట్టింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానే తల్లీ, ఉన్నాను!" అంది సైమా.