అచ్చమ్మ జుట్టు పిండుకునే షెడ్డు

పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురుగా ఉన్న మా హోప్ టౌన్ ఒడ్డున, జెట్టీ దాటి ఇంకాస్త ముందుకెళ్తే, రేకులు సగం ఎగిరిపోయిన పడవల షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు. వేట నుంచి వచ్చేవాళ్ళు కూడా చుట్టు తిరిగి వస్తారు గానీ దాని ముందు నుంచి రారు.

అక్కడ అచ్చమ్మ ఉంటుందట. నేను పుట్టకముందు మాట. మొగుడు వేటకెళ్ళిన చిన్న చెక్కపడవ, డింగీ, ఖాళీగా ఒడ్డుకొచ్చిందని, మెడ లోతు నీళ్ళల్లోకి నడిచి వెతికిందట. దొరకలేదు. తడి జుట్టుతోనే వచ్చి ఆ డింగీలో కూర్చుంది... మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచీ ఆ షెడ్డులో కొత్త పడవ కనిపిస్తే చాలు, రాత్రి వచ్చి అందులో కూర్చుని జుట్టు పిండుకుంటుందని చెప్తారు.

నాకు భయం కంటే జాలే ఎక్కువ. అంత ప్రేమ ఎవరికుంటుంది?

ఇప్పుడు చెప్పేది గణేష్ బావకి జరిగింది. అప్పటికింకా బావ కాలేదు. అతను మా అక్క బేబీరాణికి చెప్తే, అక్క దుప్పట్లో నాకు చెప్పింది.

గణేష్ టూరిస్టుల్ని తిప్పే ఫైబర్ బోటు నడుపుతాడు. మా నాన్న తిరుమలరావు చెక్క పడవలు కట్టే మనిషి. అక్కని అడగడానికి గణేష్ మా గుమ్మంలోకొచ్చిన రోజున, వీధి వీధంతా వింటుండగా నాన్న అన్నాడు —

"ప్లాస్టిక్ తొట్టి తోలేవోడికి నా పిల్లనెలా ఇస్తాన్రా? మేళాకి నీ చేత్తో ఓ డింగీ కట్టి తే. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సముద్రంలో ఉండాల. చుక్క నీరు లోపలికొచ్చిందా, మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

"మీరు నేర్పుతారా మావయ్యా?"

"నేనెందుకు నేర్పుతాను? పెళ్ళి నీకా, నాకా?"

మేళా అంటే మా ఒడ్డున ఏటా జరిగేదే. గవ్వల దండలు, కొబ్బరి చిప్ప దీపాలు, వెదురు బుట్టలు, బడిపిల్లలు వేసిన బొమ్మలు, అన్నిటికీ చివర చేత్తో కట్టిన పడవలు. నికోబారీ వాళ్ళ హోడీ, అదే పక్కన తేలే కొయ్య కట్టిన పొడుగు పడవ, వచ్చిందంటే జనమంతా దాని చుట్టే.

గణేష్ ఆరు నెలలు కష్టపడ్డాడు. ఫోన్లో వీడియోలు చూశాడు, ముసలాళ్ళని బతిమాలాడు, రెండు సార్లు బొటనవేలు కొట్టుకున్నాడు. చెక్కల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం పూసి, పైన నీలం రంగు వేశాడు. ముక్కు దగ్గర ఒక చిన్న మల్లెపువ్వు గీశాడు. అది ఎవరి కోసమో నేను చెప్పక్కర్లేదు. రంగు మెరవాలని పగలంతా ఎండలో ఆరబెట్టి, రాత్రి పట్టా కప్పేవాడు. ఇంటి దగ్గర చోటు లేక ఆ షెడ్డులోనే పెట్టాడు.

మేళా వారం ఉందనగా — పొద్దున్నే పట్టా తీస్తే పడవ లోపలంతా తడి.

వాన లేదు. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు... ఉప్పు.

తుడిచి ఆరబెట్టాడు. రెండో రోజు అడుగున వేలెడు నీళ్ళు. చెక్కల్లోంచి బొట్లు బొట్లుగా ఇసకలోకి కారుతున్నాయి. మూడో రోజు జానెడు. రాత్రి పోటు వచ్చి వెళ్ళింది కాబట్టి ఇసక మీద ఒక్క అడుగు జాడ లేదు.

"అచ్చమ్మే," అంది మా వీధి తాతమ్మ. "కొత్త పడవ దొరికింది కదా, పిచ్చిదానికి."

గణేష్ నమ్మలేదు. అతని అనుమానమంతా చిట్టిబాబు మీద. చిట్టిబాబు కూడా మేళాకి డింగీ కట్టాడు మరి.

"నీళ్ళు పోసి నా పడవ పాడుచేస్తున్నావా చిట్టిబాబూ?"

"అరే భయ్యా, మళ్ళీ నేను పాడుచెయ్యాలా? నువ్వు కట్టావు కదా, చాలదా?"

ఆ వారం మా ఇంట్లో కూడా అన్నీ తడే. అక్క దిండు తడి. నాన్న తువ్వాలు తడి. వాన లేకపోయినా గోడలు తడి. నాకు ఎవర్ని చూసినా అనుమానమే. చిట్టిబాబు నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం.

నాలుగో రాత్రి గణేష్ షెడ్డులో కాపలా కూర్చున్నాడు. ఒక్కడే. చెక్కల దొంతర వెనకాల, చేతిలో టార్చి.

ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయింది. అవతల పోర్ట్ బ్లెయిర్ దీపాలు నీళ్ళల్లో పొడుగ్గా సాగి వణుకుతున్నాయి. పైన ఊడిన రేకు ఒకటి... కిర్రు... కిర్రు...

ఎంతసేపు గడిచిందో.

చల్... చల్...

నీళ్ళల్లో ఎవరో నడుస్తున్నారు. ఒడ్డు మీద కాదు — నీళ్ళల్లోంచి ఇటే వస్తున్నారు. తల మీంచి తెల్లబట్ట. నడుం మీద బిందె. వంగి, మెల్లగా, తెలిసిన దారిలా వచ్చి పట్టా పక్కకి తీసి...

బుడ బుడ బుడ. బిందెడు నీళ్ళు పడవలోకి.

మళ్ళీ సముద్రంలోకి. మళ్ళీ వెనక్కి. మళ్ళీ బుడ బుడ. మధ్యలో ఒకసారి ఆగి, మల్లెపువ్వు గీసిన చోట చేత్తో నిమిరింది. గణేష్ టార్చి మీట మీద వేలు పెట్టాడు. దెయ్యం అలా నిమురుతుందా?

లేచాడు. టార్చి వేశాడు.

అది తల తిప్పి చూసింది.

గణేష్ టార్చి ఆర్పేశాడు.

అంతే. ఆ తర్వాత ఏమైందని అక్క ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా —

"చిట్టిబాబు కాదు. అచ్చమ్మే," అన్నాడు గుసగుసగా.

"మొహం చూశావా?"



"ఇంక కాపలా వద్దు," అన్నాడట.

మర్నాటి నుంచి పడవని తుడవలేదు. ఎండలోకి లాగలేదు. లోపల నీళ్ళు నిండుగా ఉంటే అలాగే వదిలేసి వచ్చాడు. పిల్లాడికి గాలి సోకిందన్నారు ఊళ్ళో. అక్క అన్నం మానేసింది. పైగా నా దగ్గర కూడా ఏదో దాస్తున్నాడే, అని ఏడ్చింది. నాన్న మాత్రం చేప ముల్లు ఏరుకుంటూ, "ఏటట, దెయ్యం కనబడిందట?" అని అడిగి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మేళా వచ్చింది. గణేష్ నీళ్ళన్నీ తోడేసి పడవని తెచ్చాడు. పొద్దున్నే నాలుగు డింగీలు నీళ్ళల్లోకి తోశారు. మధ్యాహ్నానికి చిట్టిబాబు డింగీ నీళ్ళు నిండి కిందికి కూర్చుండిపోతోంది. అద్దంలా మెరిసే పడవ, దాన్లోంచి మగ్గుతో నీళ్ళు తోడుతూ అతను.

సాయంత్రం గణేష్ పడవ అడుగున పోర్టు ఆఫీసు నుంచి వచ్చిన పెద్దాయన చెయ్యి పెట్టి చూశారు. పొడి.

"కొత్త చెక్క ఎండితే సందులు విచ్చుకుంటాయి," అన్నారు చిట్టిబాబు వైపు చూసి. "ముందు నీళ్ళు తాగించాలి. ఉబ్బి బిగుసుకుంటుంది. ఈ కుర్రాడికి పని తెలుసు. ఎవరు నేర్పారయ్యా?"

గణేష్ మా నాన్న వైపు చూడలేదు. ఇసక వైపు చూశాడు.

"అచ్చమ్మ, సార్."

జనం నవ్వారు. నా పక్కనున్న నాన్న నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తెల్ల తువ్వాలు. అంచుల నిండా ఉప్పు కట్టి ఉంది.

నేను నాన్నని చూశాను. నాన్న నన్ను చూశాడు.

"వీధిలో అంత మాటన్నాక పగలెలా వెళ్ళనే?" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. "మీ అక్క దిండు రోజూ తడే."

తర్వాత గొంతు పెంచాడు. "ఏరా గణేష్. ఆదివారం మీ పెద్దోళ్ళని తీసుకురా. దెయ్యమే మెచ్చుకున్నాక నేనేటనగలను?"

పెళ్ళై ఏడాదైంది. బావ ఇప్పటికీ ఎవరికీ నిజం చెప్పడు, అక్కకి తప్ప. చీకటి పడ్డాక ఆ షెడ్డు ముందు నుంచి ఇప్పటికీ ఎవరూ నడవరు. కానీ కొత్త పడవ కట్టినవాళ్ళు మాత్రం పగలే దాన్ని అక్కడికి లాక్కెళ్ళి, పక్కన ఒక ఖాళీ బిందె పెట్టి, దండం పెట్టి వచ్చేస్తున్నారు.

నిన్న చిట్టిబాబు కూడా పెట్టాడు.

రాత్రి నాకు మెలకువొచ్చి చూస్తే — నాన్న మంచం ఖాళీ.