తలుపు తీసే ఉంచాను

పొద్దున్నే ఆవిడ పాట మొదలైంది.

"తలుపు తీసే ఉంచాను, చీకటి పడేవేళ..."

అంతే. అక్కడ ఆగి మొగుడి మొహంలోకి చూసింది.

"వస్తున్నా, వస్తున్నా. నీళ్ళేగా?" అంటూ ఆయన గ్లాసు అందించాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. దుప్పటి కప్పాడు, తోసేసింది. కిటికీ తెరిచాడు. మళ్ళీ అదే పాట, అదే చోట ఆగడం.

పక్షవాతం ఆవిడ కుడి చేతితో పాటు మాటనీ పట్టుకుపోయింది. పోతూ పోతూ ఓ పాత పాటలో ఒక్క ముక్క నాలుక మీద వదిలేసింది. కొందరికి మాట పోయినా పాట మిగులుతుందని డాక్టరు చెప్పాడు. ఆకలేసినా ఆ ముక్కే, నొప్పొచ్చినా ఆ ముక్కే, కోపమొచ్చినా ఆ ముక్కే. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసే పాతకాలపు బస్సు డ్రైవరాయన. ఇంట్లో ఈ ఒక్క ముక్క మాత్రం ఆయనకి అంతుపట్టడం లేదు.

అయినా ఎవరి నమ్మకం వారిది. కుట్టుమిషను ముందు కూర్చుని ఆవిడ ఎప్పుడూ పాడుకునే పాటే అది. ఆయన డ్యూటీ దిగి ఏ వేళకొచ్చినా తలుపు తీసే ఉండేది. మరి ఆ పాట తన కోసం కాక ఇంకెవరి కోసం? ఆ ధీమాతోనే ఆవిడకి తల దువ్వి వంకర జడలు వేస్తున్నాడు, కూరలు మాడుస్తున్నాడు.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, మొన్న స్నానాల గదిలో కాలు జారి ఇద్దరూ పడ్డారు. ఆవిడ నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. ఆ సంగతి తెలిసి, బడిలో పాఠాలు చెప్పుకునే కూతురు సెలవు పెట్టి, కారు మాట్లాడుకుని దిగిపోయింది. వస్తూనే బీరువా తెరిచింది.

"అమ్మ బట్టలు సర్దేస్తున్నా నాన్నా. మా ఇంటికి తీసుకెళ్ళిపోతా."

"నన్నడిగావా?"

"ఏమంటావో తెలుసు కనకే అడగలేదు. ఆ నుదురు చూడు. నీ నడుమే నిలబడదు, ఆవిణ్ణేం లేపుతావు? మా అత్తగారి గదిలో ఇంకో మంచం పడుతుంది. నీక్కూడా చోటుంటే బాగుండేది, కానీ..."

"నాకు చోటెవరడిగారమ్మా! అసలు మీ అమ్మ వస్తానందా?"

"రోజూ అంటూనే ఉంది, నీకే వినపడటం లేదు. తలుపు తీసే ఉంచానంటే ఏంటి? వెళ్ళిపోతానని! ఈ రెండు గదుల్లో ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతూనే ఆవిడ బతుకు తెల్లారిపోయింది. ఇప్పుడు వయసైపోయాకైనా, ఈ చీకటి పడేవేళైనా, బయటపడాలనుంది ఆవిడకి."

"భేష్! అర్థం చెప్పవే టీచరమ్మా అంటే అనర్థం తీశావు. అది నా కోసం పాడే పాట."

"నీ కోసమా? అయితే తర్వాతి ముక్కేంటో చెప్పు."

ఇన్నేళ్ళూ లోపలికొస్తూ "భోజనం అయిందా?" అనడమే గాని, ఆ పాటకి తర్వాతి ముక్క ఒకటుంటుందనే ఆయనకి తోచలేదు.

మంచం మీంచి మళ్ళీ వినపడింది. "తలుపు తీసే ఉంచాను, చీకటి పడేవేళ..."

బీరువా దగ్గర్నుంచే కూతురు అందుకుంది. "దారిలోనే ఉన్నాను, దీపం ఆర్పేయకు." పాడాక గొంతు తగ్గించింది. "ఇది ఇద్దరు పాడే పాట నాన్నా. చిన్నప్పుడు నేను హోంవర్కు రాసుకుంటూ అందుకునేదాన్ని. అమ్మ అక్కడ ఆగేది జవాబు కోసం."

ఆయన తల వంచుకున్నాడు. అందుకే, కూతురు జవాబు పాడినా ఆవిడ చూపు తన మీంచి కదల్లేదన్న సంగతి ఆయన చూడలేదు.

"తీసుకెళ్ళు," అన్నాడు. "జవాబు తెలిసినవాళ్ళ దగ్గరుంటేనే సుఖం."

జడ విప్పి మళ్ళీ వేశాడు. ఈసారి కొంచెం తిన్నగా వచ్చింది. కారులో కూర్చోబెడుతుంటే ఆవిడ ఎడం చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. ఒక్కొక్క వేలే విడిపించాడు.

ఆ తర్వాత ఇంట్లో ఏం చేయాలో తోచలేదు. కుట్టుమిషను దుమ్ము దులిపాడు, దులిపిందే మళ్ళీ దులిపాడు. దులుపుతూ, ఎవరూ లేరన్న ధైర్యంతో, ఆ రెండో ముక్క గొణుక్కున్నాడు. సాయంత్రం దీపం వేసి తలుపు మూయబోయి, మూయలేక వదిలేశాడు. అప్పుడే ఫోను మోగింది.

"నాన్నా," అంది కూతురు, "అమ్మ పాడటం లేదు. కారెక్కిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా. నేనే మొదటి ముక్క పాడా, జవాబూ పాడా. కళ్ళు మూసుకుంది. నేను తప్పు అర్థం తీశాను నాన్నా."

ఆయనకప్పుడు వెలిగింది. ఎవరి కోసం పాడేదో ఆ మనిషే రాని ఇంట్లో ఆవిడ ఆ పాట ఎందుకు పాడుతుంది?

"ఫోను మీ అమ్మ చెవి దగ్గర పెట్టు."

శ్రుతి లేదు, లయ లేదు. హారనుకి తప్ప దేనికీ అలవాటు లేని మనిషి పాడాడు. "దారిలోనే ఉన్నాను, దీపం ఆర్పేయకు."

మళ్ళీ పాడాడు. సగంలో ఏడుపొచ్చి ఆగిపోయాడు.

"ఏమందమ్మా?"

"ఏమీ అనలేదు నాన్నా," కూతురు వెక్కుతోంది. "కళ్ళు తెరిచి తలుపు వైపు చూస్తోంది. నేనెంత పిలిచినా ఇటు తిరగట్లేదు."

ఆయన చెప్పులు వేసుకుని గుమ్మంలోకొచ్చాడు. ఆ ఊరికి చివరి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయిందని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? వెళ్ళినా, ఆ ఇంట్లో రెండో మంచానికే గాని మూడో మంచానికి చోటు లేదనీ తెలుసు. అయినా చెప్పులు విప్పలేదు. అలాగే గుమ్మంలో కూర్చున్నాడు.