ముందు పెట్టినవాళ్ళదే పాట

నా పేరు ఎఫీ డన్. స్టేజీ ఎక్కి జనాన్ని నవ్వించి పొట్టపోసుకుంటాను. వారానికో ఊరు. నిన్న, సోమవారం పొద్దున్నే, బొగ్గుగనుల ఊరు స్క్రాంటన్‌లో రైలు దిగి నేరుగా థియేటర్‌కి పరిగెత్తాను. మా వాళ్ళలో ఒక కట్టుబాటుంది. సోమవారం ఎవరు ముందుగా తమ పాటల పుస్తకం స్టేజీ అంచున పెడితే వాళ్ళకే మొదటి రిహార్సల్. ఇద్దరిదీ ఒకటే పాటయితే, ముందు పెట్టినవాళ్ళదే పాట. రెండోవాళ్ళు నోరు మూసుకోవాల్సిందే.

నా దగ్గరున్నది ఒక్కటే పాట, మధ్యమధ్యలో జోకులతో. అదీ నాది కాదు, స్టేజీ మీద దాన్ని పాడి నవ్వించిన రోడా పెల్ అక్కది. మూడేళ్ళు ఆవిడ గౌన్లు ఇస్త్రీ చేశాను. మొన్న చలికాలం ఆవిడ పోయాక, అడిగేవాళ్ళు ఎవరున్నారులే అని ఆ పాట నా పుస్తకంలోకి రాసేసుకున్నాను. ఆకలి రుచెరగదంటారు. నా ఆకలి సిగ్గు కూడా ఎరగలేదు.

మధ్యాహ్నం ఆటకి నవ్వులు పడకపోతే మేనేజర్ థియేటర్ గుమ్మంలో తగిలించిన మన ఫొటోలు తిరిగి చేతిలో పెట్టి పంపేస్తాడు. ఇప్పటికే రెండు ఊళ్ళలో పెట్టారు. మూడోసారైతే మళ్ళీ చొక్కాల ఫ్యాక్టరీకే.

లోపల దీపాల్లేవు. నారింజ తొక్కల వాసన, గ్యాసు వాసన, ఎక్కడో తడిసిన ఉన్ని వాసన. పైన ఏదో తాడు కిర్రుమంటోంది. తడుముకుంటూ స్టేజీ అంచుకి వెళ్ళాను. అక్కడ అప్పటికే ఒక పుస్తకం ఉంది. తలుపు సందులోంచి పడే వెలుగులో అట్ట చూశాను. రోడా అక్క చేతిరాత. శవపేటికలో ఆవిడ పక్కన నేనే పెట్టిన పుస్తకం.

పారిపోవలసింది. కానీ నా బుర్రలో మెదిలింది ఒక్కటే, నాకంటే ముందు పెట్టేశారే అని. దాన్నెత్తి నా పుస్తకం కింద దోపేశాను. దొంగనైనా మా వాళ్ళు అన్నానికి పిలుస్తారు గానీ, ఒకరి పుస్తకం కదిపినవాళ్ళ మొహం చూడరు.

బ్యాండు పెద్ద క్లౌస్ వచ్చి నా పుస్తకం తీశాడు. కింద ఇంకేమీ లేదు.

ఆట మొదలైంది. మొదటి జోకుకి నోరు తెరిచాను. చెప్పకముందే నవ్వారు. రెండోదీ అంతే... జనం నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. నా మాటలే... నాకంటే ఒక్క క్షణం ముందు... నా చెవి పక్కనే...

"కాస్త పక్కకి జరుగు, పిల్లా."

నన్ను అలా పిలిచేది ఒక్క మనిషే. తిరిగి చూడలేదు. చూస్తే పాట ఆగిపోతుంది. పాట ఆగితే పని పోతుంది. జరిగాను. హాలు దద్దరిల్లింది.

ఆట అయ్యాక మేనేజర్ పిలిచాడు. ఫొటోలు చేతిలో పెడతాడనుకునే వెళ్ళాను. ఆయన మొహం వెలిగిపోతోంది. మీ జంట అదరగొట్టిందన్నాడు. జంటేమిటండీ అన్నాను.

"ఆ పెద్దావిడ ఇప్పుడే వచ్చి అంతా చెప్పి వెళ్ళిందమ్మా," అన్నాడు జాలిగా. "బుధవారం నుంచి తనొక్కతే చేస్తుందటగా. నీకు ఒంట్లో బావుండదట."

ఇవాళ మంగళవారం. నాకు ఒంట్లో బాగానే ఉంది.