బావ గారి త్యాగం

సంబంధాలన్నీ తప్పిపోతున్న మరదలిని తానే ఉద్ధరించాలని మూర్తి గిద్దలూరులో బస్సెక్కుతూ తీర్మానించుకున్నాడు. మార్కాపురం చేరేసరికి తన గొప్పతనానికి తనకే కళ్ళు చెమర్చాయి. ఊరందరూ మెచ్చుకుంటారని కూడా ఓ మూల ఆశ ఉంది.

మేనమామ రంగనాయకులుకు వయసులోనే చూపు పోయింది. ఈ మధ్య హైదరాబాదులో పరీక్ష చేస్తే జీన్‌లో లోపమన్నారు. అంతే! తండ్రి జబ్బు కూతురికి రాదా, రేపు మనవలకు రాదా అంటూ వచ్చినవాళ్ళంతా కాఫీ తాగి మరీ వెళ్ళిపోతున్నారు.

మరదలు అనంతలక్ష్మి పలకల దుకాణంలో కూర్చుని విరిగిన పలకలు ఏరుతోంది. బయట వాన మొదలైంది.

"ఏంది బావా, వానను వెంటబెట్టుకొని వచ్చినావు?"

"ఎవురేమన్నా సరే లక్ష్మీ, నిన్ను నేను చేసుకుంటా. పిల్లలకు ఆ జబ్బు వస్తే నా ఖర్మ అనుకుంటా."

లక్ష్మి తలెత్తి అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"అబ్బో, ఎంత దయ! ఉండు, శాలువా తెప్పిస్తా. డాక్టరు చెప్పింది ఏందో తెలుసా?"

"ఏదో జీన్ అంట."

"ఎన్‌డీ ఫోర్ అంటారు. తిన్న తిండిని ఒంట్లో శక్తిగా మార్చే మైటోకాండ్రియాలో ఉంటాది. అక్కడి ఎంజైములో ఒక ముక్కను తయారుచేయించేది అదే. అది చెడితే కంటినరం పోతాది. ఇంటిపేరు మాదిరి నాయన నుంచి రాదు బావా, అమ్మ నుంచే వస్తాది. మొగోళ్ళు మోస్తారు గానీ పిల్లలకు ఇయ్యలేరు."

"అంటే నీకు..."

"నాకు లేదు. నాయనకు మన అవ్వ ఇచ్చింది. అవ్వ కడుపున ఇంకెవరు పుట్టినారు?"

మూర్తి లెక్క వేసుకున్నాడు. బీకాం బుర్ర కాబట్టి కాస్త సమయం పట్టింది. ఇంకెవరు, తన తల్లి సావిత్రే. ఆమె కడుపున తాను.

జేబులోంచి సిగరెట్ తీశాడు. లక్ష్మి లాక్కుని వానలోకి విసిరేసింది.

"పొగ తాగితే ఇంకా ముప్పంట, బుద్ధిలేనోడా! అందరికీ చూపు పోదులే. పోతే మొగోళ్ళకే ఎక్కువ."

"మాకెందుకు చెప్పలేదు?"

"అత్తకు ఫోన్ చేసినా. 'మా వంశంలో అట్లాంటివి లేవు' అని పెట్టేసింది. సొంత అన్నయ్యది ఏ వంశమో మరి!"

"పోనీ, వచ్చినోళ్ళకన్నా చెప్పొచ్చు గదా, నీకు లేదని?"

"చెప్తే ఒప్పుకుంటారని చెప్పలేదు." లక్ష్మి ముఖం తిప్పుకుంది. "ఎవుని కోసం కూర్చున్నానో ఆ గాడిదకు తెలియకపాయె!"

మూర్తికి సిగ్గేసింది. భయమూ వేసింది. అన్నిటికంటే, ఈ పిల్ల కాదంటుందేమోనన్న భయమే ఎక్కువైంది.

"లక్ష్మీ, నా చూపు పోవచ్చు. నన్ను చేసుకుంటావా?"

"ఇప్పుడు అడిగినావు. ఇందాక దానం చేసినావు."

లోపలినుంచి రంగనాయకులు గొంతు వినిపించింది.

"ఒప్పుకోమ్మా! చూపు లేనోనితో కాపురం ఎట్ల చెయ్యాల్నో మీ అమ్మ నేర్పిస్తాదిలే."