బండ కింద మూడు దెబ్బలు

కారిమంగళం దాటినాక ఉండే పాత రాతి క్వారీ పక్క పొద్దుగూకితే ఎవరూ నడవరు. లోపల దెయ్యం రాయి తడతాదంట. మూడు దెబ్బలు... ఆగి, మళ్ళీ మూడు.

క్వారీలో ఒక వాడుక ఉండేది. నిట్టనిలువు రాతిగోడ కిందికి దిగినవాడు సుత్తితో మూడుసార్లు కొడితే, క్షేమమని. పైనున్నవాడు మూడు కొట్టి బదులివ్వాలి. మొన్న ఆషాఢంలో ఆ గోడ కూలి, కిందికి దిగిన కూలీ సెల్వం రాళ్ళ కింద నలిగిపోయినాడు. ఆ రాళ్ళ కుప్ప కదిపితే మిగిలిన గోడా కూలుతుందని శవాన్ని తీయలేదు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా ఆ రోజు వాణ్ణి పనికి పంపింది తల్లి చిన్నమ్మాళే.

అప్పట్నుంచి రాత్రిళ్ళు ఆమె గుంత అంచున బండ మీద కూర్చుని, కొడుకు సుత్తితో మూడు కొడుతుంది. ఊరు వినేది ఆ దెబ్బలే.

ఆమె వినేది మాత్రం... బదులు.

మిగిలిన గోడ నిలుస్తుందో లేదో చూసేదానికి హోసూరు నుంచి ఇంజనీరు మంజునాథ్ వచ్చినాడు. రాతికి అక్కడక్కడా చప్పుడు పట్టే బిళ్ళలు ఎనిమిది అతికించి, వైర్లు ఒక పెట్టెకు కలిపినాడు. లోపల రాయి చీలితే చప్పుడు పుడుతుంది. ఏ బిళ్ళకు ముందు వినబడింది, ఏ బిళ్ళకు వెనక... ఆ తేడాను బట్టి, చీలిక ఎక్కడుందో అక్కడ పెట్టె తెర మీద చుక్క పడుతుంది. పగలంతా లారీల రొద. అందుకే రాత్రి పని.

రెండు రాత్రులు చిన్నమ్మాళ్ చాటునే ఉండి చూసింది. మూడో రాత్రి వచ్చి తన బండ మీద కూర్చుంది.

"మా దెయ్యం మీ పెట్టెలో పడినాదా సార్?" అని నవ్వుతున్న వాచ్‌మన్ చిన్నప్పన్, ఆమెను చూసి పక్కకు జరిగినాడు.

"నాయనా... నేను కొడితే బదులొచ్చే చప్పుడు ఆ కుప్పలోంచేనా?" అనింది చిన్నమ్మాళ్.

మంజునాథ్ తెర చూసినాడు. "లేదమ్మా. కుప్పలో ఏమీ లేదు. మూడు రాత్రులుగా ఒక్క చుక్క పడలేదు."

"మరి నాకు బదులు చెప్పేదెవరు?"

అతను మళ్ళీ చూసినాడు. చుక్కలన్నీ ఒకేచోట, ముద్దగా — ఆమె కూర్చున్న బండ కింద.

"రాయమ్మా అది! చీలతా ఉండాది. మీరు కొట్టకపోయినా చీలతా ఉండాది. లేచి ఇట్లా రాండి."

ఆమె లేవలేదు. "ఎంత లోతులో?"

"మొన్న ఎనిమిది అడుగులు. నిన్న అయిదు..." తెర మీద ఇంకో చుక్క పడింది. "ఇప్పుడు రెండు. లేయండమ్మా!"

సుత్తి ఆమె ఒడిలోనే ఉంది.

టక్... టక్... టక్. బండ కిందినుంచి.

చిన్నప్పన్ ఊరి వైపు పరుగెత్తినాడు. చిన్నమ్మాళ్ వంగి బండకు చెవి ఆనించింది.

"అరవద్దు నాయనా," అనింది గుసగుసగా. "పైకొస్తా ఉండాడు."