వట్టి కంప్లయింట్లు

“ఈ రేడియో సెట్ పని అయిపోయిందండీ. కొత్తది కొనమని మా ఓనరుకి చెప్పేయండి చాలు,” అన్నాడు టాక్సీ ఆఫీసు కంట్రోలర్.

“చూడకముందే ప్రాణం పోయిందని తేల్చేస్తే నన్నెందుకు పిలిచినట్టు?” అంది టెక్నీషియన్, తడిసిన గొడుగు తలుపు వెనక తగిలించి.

రోజంతా మైకు ముందు కూర్చుని డ్రైవర్లందరినీ ఊరంతా పరుగులు పెట్టించే అతనికి ఇలాంటి ఎదురుప్రశ్న కొత్త.

“సరే, ఏమవుతోందో చెప్పండి,” అందామె.

“పొద్దున్నే ఆన్ చేస్తే డ్రైవర్ల గొంతులు నూతిలోంచి వచ్చినట్టుంటాయి. మధ్యాహ్నానికి కాస్త నయం.”

ఆమె కళ్లు మెరిశాయి. అతన్ని చూసి కాదు, రేడియోను చూసి. “వేడెక్కితే కోలుకుంటోందన్నమాట. అయితే కెపాసిటర్ల మీదే నా అనుమానం.”

మూత విప్పి, బోర్డులో ఓ మూలకు వేడిగాలి పట్టించింది. అంతవరకూ గొణుగుతున్న స్పీకరు ఒక్కసారిగా గొంతు సవరించుకుంది. “ఎవరైనా వింటున్నారా, నాయనా?” అన్నాడొక ముసలి డ్రైవరు, గదంతా దద్దరిల్లేలా.

బోర్డుకు అతుక్కుని శనగగింజల్లా కూర్చున్న చిన్న వెండి డబ్బీల్లాంటి ఆ కెపాసిటర్లను ఆమె ఒక్కొక్కటిగా మీటరుతో పరీక్షించింది. పోయినవాటిని చూసుకుని, సెట్ ఆపేసి, రెండు చేతుల్లో రెండు సోల్డరింగ్ ఐరన్లు పట్టుకుంది. చెరోవైపు ఒకేసారి తాకించగానే గుప్పుమని చేపల వాసన.

“లంచ్ బాక్సు ఎవరైనా మర్చిపోయారా?” అన్నాడతను.

“లోపలి ద్రవం కారిపోయిందండీ. వేడి తగిలితే ఇదే వాసన. తొందరపడి పీకామంటే కింది రాగి రేకు కూడా లేచొస్తుంది.”

కారినదంతా స్పిరిట్‌తో తుడిచి, కొత్తవి పెట్టింది. పెట్టేముందు ఒక్కోదాని మీదున్న నల్లగీత చూపించింది. “ఇది నెగెటివ్ వైపు. తిరగేసి పెడితే ఢామ్మంటుంది.”

ఆమె వేళ్ల వంకే చూస్తున్న అతనికి నల్లగీత కనిపిస్తేగా.

వారం తిరక్కుండా అతను ఆమె పనిచేసే వర్క్‌షాపుకు ఫోన్ చేశాడు. సౌండు మళ్లీ తగ్గిందన్నాడు. ఆమె వచ్చి అంతా చూసి, ఏమీ లేదని చెప్పి, అతనిచ్చిన కాఫీ తాగి వెళ్లింది. తర్వాత గరగర అన్నాడు. ఆ తర్వాత ఏదో ఈల అన్నాడు. ప్రతిసారీ ఆమె ఇంకాసేపు కూర్చునేది. ఒకసారి అతని డ్రైవర్ల గొంతులు అనుకరించి నవ్వించింది కూడా. అతనికి గాల్లో తేలినట్టుండేది.

మరోసారి ఫోన్ చేస్తే నెరిసిన మీసాల టెక్నీషియన్ వచ్చాడు.

“ఆ అమ్మాయి రాలేదేం?” అన్నాడు కంట్రోలర్.

“బయటి పనులు మాన్పించారు బాబూ. నీ సెట్ వల్లే. ఒకే రిపేరు ఇన్నిసార్లు తిరిగొస్తే సోల్డరింగ్ సరిగా చేయలేదనేగా అర్థం? వర్క్‌షాపు నడిపేది ఆ అమ్మాయి సొంత పెద్దమ్మే అయినా, పని దగ్గర ఆవిడ ఎవర్నీ ఉపేక్షించదు.”

కంట్రోలర్ ముందు తన ఓనరు దగ్గరకెళ్లి నిజం చెప్పి కడుపునిండా తిట్లు తిన్నాడు. అటునుంచి అటే వానలో వర్క్‌షాపుకు నడిచాడు.

పెద్దమ్మ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. గది చివర, మైక్రోస్కోపు మీద వంగి అటు తిరిగి ఉంది ఆ అమ్మాయి.

“మేడమ్, ఆ సెట్‌కి ఏ రోగమూ లేదండీ. నేనే అబద్ధాలు చెప్పాను. ఆవిడ పని నూటికి నూరుపాళ్లూ బాగుంది.”

“మరెందుకు చెప్పినట్టు?”

“ఆవిడ్ని చూడాలని. నాకు ఆవిడంటే ఇష్టం. నా సరదా ఆవిడ పేరు మీదికి వస్తుందని ఆలోచించలేదు. అది తప్పే.”

మైక్రోస్కోపు ముందు కుర్చీ తిరిగింది.

“నాకు మొదటి అబద్ధానికే తెలిసింది,” అంది టెక్నీషియన్. “మీటరుకి అబద్ధాలు రావుగా.”

“తెలిసీ మాట పడ్డావా?” అంది పెద్దమ్మ.

“చెప్తే ఈయన ఉద్యోగం పోతుందేమోనని.” తర్వాత అతనికేసి తిరిగింది. “మీరొచ్చి చెప్తారా లేదా అని చూస్తున్నాను. ఇంకో రెండ్రోజులు చూసి, నేనే వచ్చి దులిపేసేదాన్ని.”

“ఇప్పుడు దులపండి. అందుకే వచ్చాను.”

“కోపం ఇందాకటిదాకా ఉంది,” అంది, పెదవి కొరికి నవ్వాపుకుంటూ. “రేపు నాకు సెలవు. ఎక్కడికైనా రమ్మని సూటిగా అడిగితే వస్తాను.”

“రేపు నాతో వస్తారా?”

“వస్తాను. ఎక్కడికి?”

“అంతదాకా ఆలోచించలేదండీ.”

ఆమె పకపకా నవ్వేసింది. పెద్దమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని, చేతిలోని బోర్డు మీదికి వంగింది. “సోమవారం నుంచి బయటి పనులు నువ్వే చూసుకో అమ్మాయ్. ఇప్పుడు ఆ తలుపు వెయ్యి, జల్లు కొడుతోంది.”

టెక్నీషియన్ లేచి, అతన్ని బయటికి నడిపించి, తలుపు వేసింది. తనూ బయటే ఉండిపోయింది.