ఐసు ఫ్యాక్టరీ గదికి దొర పరీక్ష

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని ఆనుకుని ఒక గది ఉంది. దానికి మొదట్నుంచీ చెడ్డపేరే. పట్టపగలు కూడా ఆ గోడకి ఎవరూ సైకిలు ఆనించరు. ఇక చీకటి పడిందా... లోపల ఎవరో గుండ్రంగా పరిగెడుతున్న చప్పుడట! ఎవరు విన్నారంటే మాత్రం అందరూ పక్కవాడినే చూపిస్తారు.

అలాంటి గది మీద మా మామయ్య మనసు పడ్డాడు.

పడక ఏం చేస్తాడు? మామయ్య మిక్సీలు బాగుచేస్తాడు, అదీ ఇంట్లోనే. మంచం కింద మిక్సీలు, బీరువా మీద మిక్సీలు, ఆఖరికి స్నానాల గదిలోనూ మిక్సీలే. ఓరోజు అత్తయ్య తలగడ సర్దబోతే చేతికి బ్లేడు తగిలింది.

"ఈ వారంలో కొట్టు చూసుకోండి. లేదంటే వాటితోపాటు మీ పక్క కూడా వరండాలోనే" అంది. అత్తయ్య అన్నదంటే అన్నట్టే. చుట్టుపక్కల ఖాళీగా ఉన్నదేమో ఆ గది ఒక్కటే.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఖాళీ గది ఎవరు తీసుకున్నా ముందు కుక్కని లోపలికి పంపాలి. అది తిరిగి చూసి సరేనంటేనే సామాను దించాలి. ఈ అధికారం టీకొట్టు దగ్గరుండే 'దొర' అనే కుక్కది. దొర మనసులో మాట మనకి విప్పి చెప్పేది టీకొట్టు బాబాయి. ఆయనకి ఆ పని ఎవరిచ్చారో నాకు తెలీదు.

దొరని ఆ గదిలోకి పంపిన రాత్రి నేను లేను. వదిన చెప్పగా విన్నాను. వదినంటే మామయ్య కూతురు, పశువుల ఆసుపత్రిలో డాక్టరు. మామయ్య కూడా చెప్పాడు గానీ, ఆయన చెప్పినదాంట్లో ఆయన అస్సలు భయపడలేదు. అందుకే నమ్మలేదు.

గదికి కరెంటు లేదు. మామయ్య టార్చి పట్టుకుని ముందు వెళ్లి, ఇటు తిరిగి, దొరని పిలిచాడు. వెనక బాబాయి, వదిన.

దొర నాలుగడుగులు వేసి... ఆగిపోయింది.

వీపు మీద వెంట్రుకలు లేచాయి. తోక కాళ్ల మధ్యకి పోయింది.

"చూసేసింది..." బాబాయి గొణిగాడు. "పదండి, పోదాం..."

"ఉండవయ్యా! ఆవలిస్తోంది చూడు. దెయ్యం కనపడితే ఎవరికైనా నిద్రొస్తుందా?"

"అది నిద్ర కాదు నాన్నా," వదిన గొంతు తగ్గించింది. "భయమేసినా అలాగే ఆవలిస్తాయి. మూతి నాక్కుంటోంది... మొహం తిప్పేసుకుంటోంది... నీతో నాకు గొడవొద్దు, నన్నొదిలెయ్ అంటోంది."

"ఎవరితో?"



తన వెనకే ఏదో ఉందనుకుని మామయ్య ఎడమకి జరిగాడు. దొర కుడికి మొహం తిప్పుకుంది. కుడికి జరిగాడు. దొర ఎడమకి తిప్పుకుంది. వదిన అప్పుడు తలెత్తి తండ్రిని చూసింది.

"నాన్నా... దెయ్యం దొరికింది."

"ఎ... ఎక్కడ?"

"నువ్వే!"

దొర తనని గుర్తుపట్టాలని మామయ్య టార్చి గడ్డం కింద పెట్టుకున్నాడు. దానికి ధైర్యం చెబుదామని మీదకి వంగి, కళ్లలోకి కళ్లు పెట్టి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు — వచ్చినప్పట్నుంచీ!

"అలా పళ్లు చూపిస్తూ మీదకొస్తే దానికది నవ్వు కాదు, కొరుకుతాననడం. టార్చి దించు. పక్కకి తిరిగి కూర్చో. దాన్ని చూడకు."

మామయ్య వెనక్కొచ్చి, వదిన పక్కన చతికిలబడ్డాడు. దొర తడిసినట్టు ఒళ్లంతా విదిలించుకుంది. తోక వదులైంది. బాబాయి కూడా హమ్మయ్య అనుకున్నాడు.

దొర ముందుకి నడిచింది. అవతలి మూల దగ్గర ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి, తోక ఊపసాగింది.

"మోకరిల్లింది!" అన్నాడు బాబాయి.

"కాదు బాబాయ్, ఆటకి పిలుస్తోంది," అంటూ వదిన నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

వాళ్లు ముగ్గురూ దొర వెనక ఉన్నారు. దొర పిలుస్తున్నది... ఆ ఖాళీ మూలని.

తర్వాత బాబాయి కనబడింది మళ్లీ టీకొట్టులోనే.

మామయ్య మాత్రం కదల్లేదు. ఓ పక్క అత్తయ్య, ఓ పక్క ఇది. పాపం, కాసేపు ఆలోచించుకున్నాడు. ఆ మూల వైపు తిరిగి, గొంతు సవరించుకుని మర్యాదగా అడిగాడు.

"పగలంతా నేనుంటానండీ... చీకటి పడ్డాక మీరుండండి. సామాను మాత్రం ముట్టుకోవద్దు. ఒప్పుకుంటారా?"



దొర తల పక్కకి వంచింది. చెవులు నిక్కబొడిచింది. ఎవరో చెప్పేది ఆసాంతం విన్నట్టు అలాగే ఉండి... మెల్లగా తోక ఊపింది.

"ఏమంటోందే?" అన్నాడు మామయ్య.

వదిన దొరనే చాలాసేపు చూసింది.

"ఒప్పుకున్నారు నాన్నా..."